ప్రకృతి చేయు ఎంపికను కొలుచుట ఎట్లు?

కోతల సమయమున రైతు కళ్లములోని కంకులన్నిటిని ఒకే తీరున చూడడు. గింజ బలిసి, నిండుగా, బరువుగా ఉన్న వానిని వేరుగా తీసి మరుసటి ఏటి విత్తనమునకై దాచుకొనును. గొఱ్ఱెల కాపరి మందలో ఎత్తును, పుష్టియు గల పొట్టేలు నొకదానిని విత్తనమునకు నిలిపి తక్కిన వానిని సంతకు తోలును. ఈ పని ఎన్ని తరములుగా జరుగుచున్నదో చెప్పజాలము. చేయువా రెవ్వరును దీనిని శాస్త్రమని పిలువలేదు. అయినను అడవులలోను, సముద్రమధ్యమందలి దీవులలోను, మనుష్యుని చేయి సోకని చోట్ల ప్రాణులు తరతరమునకు ఎట్లు మారుచున్నవో తెలిసికొనుటకు శాస్త్రజ్ఞులు నేడు వాడుచున్న లెక్క ఈ కళ్లములోనుండియు ఈ మందలోనుండియు బయలుదేరినదే. దానికి పరిమాణాత్మక జన్యుశాస్త్రమని పేరు. పేరు బరువైనదే గాని, కూడికలు తీసివేతలు వచ్చినవా రందరికిని అందులోని మూలవిషయము అందును.

మొదట మందనే తీసికొందము. ఒక కాపరి మందలో ఏడాది వయసుగల జీవములు సగటున 30 కిలోలు తూగుచున్న వనుకొందము. వానిలో 36 కిలోల చొప్పున తూగు పొట్టేళ్లను, గొఱ్ఱెలను మాత్రమే ఏరి వానికే పిల్లలు పుట్టునట్లు చూచినాడు. ఏరినవి మంద సగటు కంటె 6 కిలోలు ఎక్కువ. పుట్టిన పిల్లలు అదే మేత మేసి ఏడాది వయసునకు వచ్చినపుడు ఎంత తూగును? 36 కిలోలని ఆశపడుట సహజము. కాని తూచి చూడగా సగటున 32 కిలోలే వచ్చిన వనుకొందము. తల్లిదండ్రులకున్న ఆరు కిలోల ఆధిక్యములో రెండు కిలోలే పిల్లలకు దిగినవి. మూడింట ఒక వంతు. తక్కిన నాలుగు కిలోలు ఏమైనవి? అవి పుట్టుకతో వచ్చినవి కావు. కవలగా గాక ఒంటరిగా పుట్టుట, తల్లివద్ద పాలు సమృద్ధిగా ఉండుట, వానలు కురిసిన ఏట పుట్టుట, జబ్బు తగులకుండుట మొదలైన వానివలన కూడినవి. అట్టి బలము ఆ జీవముతోనే ఆగిపోవును.

ఈ మూడింట ఒక వంతును శాస్త్రగ్రంథములలో అనువంశికతా నిష్పత్తి యందురు. మనము దీనిని వారసత్వపు వంతు అని పిలుచుకొందము. లెక్క యంతయు ఇంతే: ఏరినవానికి గల ఆధిక్యమును వారసత్వపు వంతుతో గుణించినచో మరుసటి తరమునకు కలుగు మార్పు వచ్చును. అమెరికాలోని అయోవా రాష్ట్రమున పశుసంవర్ధనమును బోధించిన జె. ఎల్. లష్ 1937లో ప్రకటించిన గ్రంథము వలన ఈ తీరు లెక్క పశుపోషకులలో వ్యాపించెను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు, ఏలనన చదువుకొన్నవారు సైతము ఈ చోట పొరబడుచుందురు. ఒక పొట్టేలు బరువులో ఇన్ని కిలోలు తండ్రివి, ఇన్ని కిలోలు మేతవి అని ఈ వంతు చెప్పదు. ఒక మందలో జీవమునకు జీవమునకు గల తేడాలలో ఎంత భాగము పుట్టుకవలన వచ్చినదో మాత్రమే చెప్పును. అదియు ఆ మందకు, ఆ మేతకు, ఆ కాలమునకు మాత్రమే. ఒకే సంచిలోని విత్తనమును రెండు చేలలో చల్లి, ఒక చేనికి ఎరువువేసి మరొకదానికి వేయనిచో, రెండు చేల పంటలకు గల తేడా అంతయు ఎరువుదే. ప్రతి చేనిలోను మొక్కకు మొక్కకు గల తేడా అంతయు విత్తనముదే కావచ్చును. కావున ఈ వంతును పట్టుకొని రెండు మందలలో ఏది మేలుజాతియో, రెండు జనసమూహములలో ఎవరు గొప్పవారో తేల్చబూనుట తప్పు.

ఏరుచు పోయినచో మార్పు ఎంతదూరము సాగును? అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయమున 1896లో మొదలైన ప్రయోగము దీనికి సమాధానము చెప్పును. 163 మొక్కజొన్న పొత్తులతో ప్రారంభించి, నూనె ఎక్కువగా గలవానిని ఒక వరుసలోను, తక్కువగా గలవానిని మరొక వరుసలోను ప్రతియేట విత్తనమునకు ఎన్నుకొనుచు వచ్చిరి. మొదట గింజలో నూనె నూటికి 4.7 పాళ్లు. నూరు తరములు గడచునప్పటికి ఎక్కువ నూనెగల వరుసలో అది సుమారు 20 పాళ్లకు చేరెను. తక్కువ వరుసలో దాదాపు ఏమియు మిగులలేదు. మొదటి 163 పొత్తులలో ఒక్కదానియందైనను 20 పాళ్ల నూనె లేదు. కొంచెము కొంచెముగా అనేక మొక్కలలో చెదరియున్న గుణమును ఎంపిక ఒకచోటికి ప్రోగుచేసినది.

అట్లు చెదరియుండుట ఎట్లు సాధ్యమో చాలకాలము తెలియలేదు. ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో 205 జంటల తల్లిదండ్రుల ఎత్తును, వారి 928 మంది ఎదిగిన బిడ్డల ఎత్తును పోల్చి చూచెను. పొడుగరుల బిడ్డలు సగటు కంటె పొడుగువారే గాని తల్లిదండ్రులంత పొడుగువారు కారు. తల్లిదండ్రులకు సగటు కంటె గల తేడాలో సుమారు మూడింట రెండు వంతులే బిడ్డలలో కనబడెను. మెండెల్ బఠాణీ మొక్కలలో చూపిన వారసత్వమో, పొడుగో పొట్టియో, మధ్యమార్గము లేనిది. ఈ రెండును ఎట్లు పొసగును? పండితులు రెండు పక్షములుగా చీలి చాల ఏండ్లు వాదులాడుకొనిరి. 1918లో ఆర్. ఎ. ఫిషర్ ఆ తగవు తీర్చెను. ఎత్తు, బరువు, పాలదిగుబడి వంటి గుణములను ఒక్క జన్యువు గాక అనేక జన్యువులు నిర్ణయించును. ప్రతిదియు మెండెల్ చెప్పిన నియమమునే పాటించును గాని దాని ప్రభావము స్వల్పము. అవి అన్నియు కూడి తేడాలను మెట్లుమెట్లుగా గాక వాలుగా కనబడునట్లు చేయును. దగ్గరి చుట్టములు దూరపు చుట్టముల కంటె ఎంత ఎక్కువగా పోలియుండవలెనో ఫిషర్ లెక్కకట్టి చూపెను. నాటినుండి పోలికలను కొలిచి వారసత్వపు వంతును రాబట్టుట సాధ్యమాయెను.

ప్రకృతివరణమును అంకెలలో పెట్టినవారిలో జె. బి. ఎస్. హాల్డేన్ మరొకరు. మాంచెస్టరు పరిసరములలో 1848 నాటికి అరుదుగా ఉన్న నల్లరెక్కల చిమ్మట ఆ శతాబ్దము ముగియునప్పటికి తెల్లనిదానిని దాదాపు తొలగించివేసెను. ఇంత త్వరగా అట్లు జరుగవలెనన్న నల్లనిది తెల్లనిదానికంటె సుమారు ఒకటిన్నర రెట్లు సంతతిని మిగిల్చి యుండవలెనని ఆయన 1924లో గణించెను. ఆయనకు మన దేశముతోను, మన ప్రాంతముతోను సంబంధము కలదు. 1957లో ఇంగ్లండు విడిచివచ్చి కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. 1961లో భారత పౌరుడాయెను. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించగా, ఆయన కోరిక ననుసరించి దేహమును వైద్యవిద్యార్థుల ఉపయోగార్థము కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పంపిరి.

ఇక మనుష్యుడు ఏరని చోటికి పోవుదము. దక్షిణ అమెరికాకు పడమట, పసిఫిక్ మహాసముద్రములో సుమారు వేయి కిలోమీటర్ల దూరమున గలాపగోస్ దీవులు కలవు. 1835లో డార్విన్ చూచినవి ఇవియే. వానిలో డాఫ్నీ మేజర్ అనునది ఆరిపోయిన అగ్నిపర్వతపు కొన. వైశాల్యము సుమారు 80 ఎకరములు. మనుష్యులెవ్వరును కాపురముండరు. మంచినీరు లేదు. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అను దంపతులు 1973 మొదలు ఏటేట తమ శిష్యులతో ఈ దీవికి పోయి, పిచ్చుకంతటి ఫించ్ పక్షులను వలలతో పట్టి, తూచి, ముక్కును కొలిచి, కాలికి రంగుల కడియములు తొడిగి వదలిపెట్టిరి. ఏ పక్షి ఏ పక్షితో జతకట్టినదో, ఏ గూటిలో ఎన్ని పిల్లలు లేచినవో, ఏది చచ్చినదో, ఏది మిగిలినదో వ్రాసికొనిరి. ఈ పని నలుబది ఏండ్లు సాగెను. మన గ్రామములలో జనన మరణముల పట్టీ నడిపిన కరణము గారికి ఈ పనిలోని ఓపిక ఏపాటిదో తెలియును.

ఈ పక్షులు గింజలు తిని బ్రతుకును. ముక్కు మొదట పై అంచునుండి క్రింది అంచువరకు గల మందము అన్నిటికి ఒకటి కాదు. దీవిలో నేలమీద ప్రాకు ఒక మొక్క కలదు. అది మన పల్లేరు జాతిది. పల్లేరుకాయ గట్టిదనమును, ముండ్లను గురించి మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. చెప్పులు లేక చేలలో నడచిన ప్రతివారికి అనుభవమే. మందమైన ముక్కుగల పక్షి దానిని చీల్చి లోని గింజలను తినగలదు. సన్నముక్కు పక్షికి అది సాధ్యము కాదు. మంచికాలములో దీనివలన ఇబ్బంది లేదు, చిన్న మెత్తని గింజలు అన్నిటికి చాలినన్ని దొరకును.

1977లో వానలు పోయినవి. వానకాలమంతయు కలిపి 24 మిల్లీమీటర్లు మాత్రమే కురిసెను. మొక్కలు గింజకట్టలేదు. ఉన్న చిన్న గింజలను పక్షులు కొన్ని నెలలలో తినివేసినవి. మిగిలినవి పల్లేరువంటి గట్టికాయలు. ఆ యేట పక్షులు పిల్లలు లేపలేదు. సుమారు 1,200 ఉండిన నడిమితరహా ఫించ్ పక్షులలో నూటికి 85 నశించినవి. బ్రతికినవానిని కొలువగా వాని ముక్కు మందము కరవుకు ముందున్న సగటు కంటె సుమారు అర మిల్లీమీటరు ఎక్కువగా ఉండెను. ముందు సగటు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లకు కొంచెము లోపు. అర మిల్లీమీటరు తేడా పట్టుకొని ఎవరైనను ఇంత చర్చ చేయుదురా యని తోచవచ్చును. ఆ అర మిల్లీమీటరే చావునకు బ్రతుకునకు నడుమ గీతయైనది.

కాని ఇంతవరకు జరిగినది ఎంపిక మాత్రమే. కాపరి పొట్టేళ్లను ఏరినాడు, పిల్లలింకను పుట్టలేదు. మందమైన ముక్కు వారసత్వముగా వచ్చునది కానిచో మరుసటి తరము మరల పాతతీరుననే ఉండవలెను. గ్రాంట్ దంపతులును వారి శిష్యుడు పీటర్ బోగ్‌ను తల్లిదండ్రుల ముక్కును ఎదిగిన పిల్లల ముక్కుతో పోల్చి చూచియుండిరి. వారసత్వపు వంతు పదింట ఏడు మొదలు తొమ్మిది వరకు వచ్చెను. మన ఉదాహరణలోని గొఱ్ఱెల బరువు కంటె ఇది ఎంతయో హెచ్చు.

దీనికి ఒక ఆక్షేపణ కలదు. మంచిచోట గూడు కట్టుకొన్న పక్షి పిల్లలకు మంచి మేత పెట్టును. ఆ పిల్లలును బలిసి తల్లిదండ్రులను పోలును. ఆ పోలిక మేతవలననే వచ్చియుండరాదా? మన పల్లెలలో దీనికి సమాధానము ఎల్లరకు తెలిసినదే. కాకి గూటిలో కాకి మేపిన కోకిల పిల్ల కోకిలయే యగును. రెండు వేరు జాతుల విషయమున ఇది స్పష్టమే గాని, ఒకే జాతిలోని మిల్లీమీటరు తేడాల విషయమున పరీక్షించి చూడవలెను. కెనడా పడమటి తీరమందలి మాండార్టె అను చిన్నదీవిలో జేమ్స్ స్మిత్, ఆంద్రె డాంట్ అనువారు ఆ పని చేసిరి. పాటపిచ్చుకల గూళ్లనుండి పిల్లలను తారుమారు చేసి పెంచనిచ్చి, ఎదిగిన పిదప కొలిచిరి. పిల్లలు మేపినవారిని గాక కన్నవారినే పోలియుండినవి. ఈ ఫలితమును 1980లో ప్రకటించిరి.

మరల డాఫ్నీకి వత్తము. 1978లో వానలు కురిసి మిగిలిన పక్షులు గూళ్లు కట్టినవి. లెక్క ముందే చెప్పుచున్నది: అర మిల్లీమీటరు ఆధిక్యము, అందులో నాలుగింట మూడు వంతులు వారసత్వమనుకొన్న, పిల్లల సగటు సుమారు నూటికి నాలుగు పాళ్లు పెరుగవలెను. పిల్లలు ఎదిగినపిదప కొలువగా దాదాపు అంతే పెరిగెను. పరిణామము మిక్కిలి మెల్లగా జరుగునది, మనుష్యుని కంటికి అందదని డార్విన్ తలచియుండెను. ఇక్కడ అది రెండేండ్లలో కంటికి గాదు, కొలబద్దకే చిక్కినది. వెల మాత్రము సామాన్యము కాదు. వేయి పక్షులు చచ్చి మిల్లీమీటరులో మూడవ వంతుకు కొంచెము మించిన మార్పు వచ్చినది. అన్ని పక్షుల ముక్కులును ఒకే మందమున ఉండియుండినచో ఆ మార్పునకును అవకాశము లేదు, బహుశః ఆ దీవిలో పక్షులకును అవకాశము ఉండెడిది కాదు.

ఇట్లే పోయినచో ముక్కులు నానాటికి మందమగునని తలపరాదు. 1982 చివర మొదలై 1983లో ఎల్‌నినో వలన ఆ దీవిలో 1,300 మిల్లీమీటర్లకు మించి వాన పడెను. తీగలు విపరీతముగా అల్లుకొని పల్లేరును కప్పివేసినవి. చిన్న గింజలు కుప్పలుగా రాలినవి. తరువాత 1984, 85 సంవత్సరములలో మరల ఎండలు ముదిరినపుడు చిన్న ముక్కు పక్షులే మేలుగా బ్రతికినవి. 2004, 2005లలో మరొక కరవు వచ్చెను. ఈసారియు పల్లేరే మిగిలినది గాని, అప్పటికి పెద్దఫించ్ అను మరొక జాతి దీవిలో స్థిరపడియుండెను. పల్లేరు గింజలను అవి కాజేసినవి. మందపు ముక్కుగల నడిమితరహా పక్షులు ఆకలికి చచ్చి, సగటు ముక్కు ఈ పర్యాయము చిన్నదాయెను. ఒకే కరవు, ఒకే కాయ, ఫలితము తలక్రిందులు. ప్రకృతికి మేలుజాతి యనునది వేరుగా లేదు, ఆ యేటి మేతకు తగినది ఏదో అదే మేలు.

ఈ లెక్కలో మరొక చిక్కు కలదు. గుణములు ఒకదానితో ఒకటి ముడిపడియుండును. మందమైన ముక్కు వెడల్పుగాను ఉండును, అట్టి పక్షి ఒడలును పెద్దది. 1977లో బ్రతికిన పక్షుల ముక్కు సగటున వెడల్పుగాను ఉండెను. వెడల్పునుగూడ ప్రకృతి కోరినదా? 1983లో లాండె, ఆర్నాల్డ్ అనువారు ముడిపడిన గుణములను విడదీసి లెక్కించు పద్ధతిని ప్రకటించిరి. ఆ పద్ధతిని డాఫ్నీ పక్షులకు అన్వయించి చూడగా, ఒకే మందము గలవానిలో సన్నని ముక్కుగలవే ఎక్కువగా బ్రతికినవని తేలెను. వెడల్పు పెరుగుట మందమునకు తోడుగా ఈడ్వబడి వచ్చినదే. పశువులలో ఒక గుణమునకై ఏరినపుడు కోరని మరొక గుణము వెంటవచ్చుట పెంపకము చేయువారికి క్రొత్త కాదు.

ఇక లెక్క తప్పినట్లు కనబడిన సందర్భము. దీనినుండి నేర్చుకొనదగినది డాఫ్నీకంటె ఎక్కువేమో. స్కాట్లండునకు పడమట సముద్రములో సెయింట్ కిల్డా దీవులు కలవు. అక్కడి జనులు 1930లో ఖాళీచేసి వెడలిపోయిరి. 1932లో సోయ్ అను చిన్నదీవినుండి 107 గొఱ్ఱెలను హిర్తా అను పెద్దదీవికి చేర్చిరి. అప్పటినుండి వానిని మేపువారు లేరు, కోయువారును లేరు. 1985 మొదలు శాస్త్రజ్ఞులు ఏటేట వానిని పట్టి తూచుచు, పుట్టినదానిని చచ్చినదానిని నమోదు చేయుచున్నారు. కొన్ని శీతకాలములలో మందలో సగమునకు మించి ఆకలిచేత చచ్చును. బరువైన గొఱ్ఱెలు ఎక్కువగా బ్రతుకును. బరువునకు వారసత్వపు వంతు కలదు. సూత్రము ప్రకారము గొఱ్ఱెలు ఏటేట పెద్దవి కావలెను. 2009లో ప్రకటించిన లెక్కలనుబట్టి చూడగా అవి సగటున ఏటికి 80 గ్రాముల చొప్పున చిన్నవగుచుండెను.

సూత్రము తప్పు కాదు. శీతకాలముల తీవ్రత తగ్గుటచే పూర్వము చనిపోవుచుండిన చిన్న పిల్లలు ఇపుడు బ్రతికి మందలో చేరుచున్నవి. చిన్నవయసులోనే ఈనిన తల్లులకు పుట్టినవి చిన్నవిగానే ఉండును. ఇవి పుట్టుకలోని గుణమును మార్చినవి కావు, పైకి కనబడు సగటును మాత్రము క్రిందికి లాగినవి. దీనికంటె సూక్ష్మమైన మరొక కారణమును 2006లో ఈ గొఱ్ఱెల పుట్టుబరువును పరిశీలించినవారు కనుగొనిరి. గడ్డుకాలములో ఎంపిక కఠినముగా ఉండును. పుట్టుబరువు తక్కువైన పిల్ల బ్రతుకుట కష్టము. కాని అట్టి కాలములో బరువు తేడాలు చాలవరకు తల్లికి దొరకిన మేత, ఎదిరించిన చలి మొదలైనవానిచే కలిగినవి, వారసత్వపు వంతు మిక్కిలి తక్కువ. మంచికాలములో వారసత్వపు వంతు హెచ్చు. అపుడు చాలవరకు పిల్లలు బ్రతుకుచుండుటచే ఎంపిక బలహీనముగా ఉండును. గుణింపవలసిన రెండు అంకెలలో ఒకటి పెరిగినపుడు రెండవది తగ్గుచున్నది. కనుకనే ఎన్ని ప్రాణములు పోయినను మందలో మార్పు రాలేదు.

మన కాపరులకు ఈ చివరి సంగతి నేరుగా పనికివచ్చును. కరవు ఏట మందలో నిగనిగలాడుచున్న ఒక పొట్టేలును చూచి హెచ్చు ధరపెట్టి విత్తనమునకు కొనునపుడు, కొన్నది జాతినా, దాని యజమాని వేసిన దాణానా అనునది సంతలో తూచినంతమాత్రమున తేలదు. ఒంటరిగా పుట్టినదానిని ఒంటరివానితోను, కవలను కవలలతోను, ఒక కారులో పుట్టినదానిని అదే కారులో అదే మందలో పుట్టినవానితోను పోల్చి చూడవలెను. దాని తోబుట్టువులు ఎట్లున్నవో, వేరు తల్లులకు అదే తండ్రివలన పుట్టినవి ఎట్లున్నవో అడిగి చూడవలెను. ఒకే తండ్రి పిల్లలు పదిమంది తల్లులవద్ద పెరిగియు మంద సగటును మించియున్నచో, ఆ మించినది తండ్రివలన వచ్చినదే యని చాలవరకు నమ్మవచ్చును. పిల్ల పుట్టిన తేదీ, తల్లి గుర్తు, తండ్రి గుర్తు, ఒంటరియో కవలయో, మూడు నెలల బరువు, ఏడాది బరువు వ్రాసియుంచుటకు బడిపిల్లల పుస్తకములో ఒక పుట చాలును. హిర్తా దీవిలో శాస్త్రజ్ఞులు వ్రాయుచున్నదియు ముఖ్యముగా ఇవే వివరములు.